తోడొచ్చిన బావ

"తోడెవరు?" అని పళ్ల డాక్టరు మళ్లీ అడిగాడు.

నూకయ్యకు తోడెవరూ లేరు.

కలకత్తా నుంచి నెలకోసారి ఈ రైల్వే ఊరి గోల్‌బజార్‌కు వచ్చే డాక్టరు ఆయన. ఎముకలో ఇరుక్కున్న పన్ను తీయాలంటే నరంలోకి మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. తర్వాత ఇంటికి తీసుకెళ్లి కాపలా కాసే మనిషి ఉండాలి. ఆ రోజంతా సైకిలు ఎక్కకూడదు, డ్యూటీకి పోకూడదు.

తినలేదన్న మాట నిజమే. సెలవు పెట్టానన్నదే అబద్ధం.

ఆ సాయంత్రమే నిమ్‌పురా రైలు యార్డులో వేగన్లు కలిపే షంటింగ్ జమాదారుగా నూకయ్యకు మొదటి డ్యూటీ. రాకపోతే ఆ చోట ఇంకొకణ్ని వేస్తానని యార్డు మాస్టరు ముందే చెప్పాడు.

నూకయ్య కిటికీలోంచి చూశాడు. మండే ఎండలో మొహానికి మఫ్లరు చుట్టుకుని వరండా బల్ల మీద ఎవడో కూర్చున్నాడు.

"అడుగో, మా బావ" అన్నాడు వేలు చూపించి.

డాక్టరు గుమ్మంలోకి వెళ్లి ఆ మనిషికి హిందీలో జాగ్రత్తలన్నీ చెప్పాడు. అతను కాదనలేదు. మఫ్లరు పైనుంచి రెండు కళ్లు నూకయ్యను ఒకసారి చూశాయంతే.

సూది గుచ్చారు.

కళ్లు తెరిచేసరికి నూకయ్య తన క్వార్టర్లో చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. బయట పొద్దు వాలిపోయింది. నడుమ జరిగిందేదీ గుర్తు లేదు.

గబగబా లేచి చొక్కా జేబు తడిమాడు. డాక్టరు వరండాలో వదిలిన సైకిలు తాళంచెవి లేదు.

"ఆడట్టుకుపోనాడు" అంది భార్య దాలమ్మ.

"ఎవుడు?"

"మీ బావట. నువ్వే దారి సెప్పినావని రిచ్చావోడన్నాడు. బావా బావా అని ఆడి బుజం మీద పడి తూలినావు. నాకు తెలీని అన్న నాకెక్కడినుంచొచ్చినాడో మరి."

డ్యూటీ అంటూ నూకయ్య లేవబోయినప్పుడల్లా వాడు వెనక్కి లాగి పడుకోబెట్టాడట. గురక ఆగితే దగ్గరికొచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడట. గంజి ఇస్తే ముట్టలేదు. నీళ్లూ తాగలేదు. నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. వర్క్‌షాపు వేళ తెలిపే కూత కూసినప్పుడల్లా ఉలిక్కిపడి వీధిలోకి చూశాడు. ఇందాక నూకయ్య కళ్లు తెరిచి ఆమెను మంచినీళ్లడగ్గానే, వాడు లేచి పరుగు తీశాడు.

"దొంగ సూపులయ్యా ఆడివి" అంది దాలమ్మ.

డ్యూటీ పోయింది. సైకిలూ పోయినట్టే. నూకయ్య బుగ్గలో దూదితోనే, దాలమ్మ వద్దంటున్నా వినకుండా గోల్‌బజార్ దారి పట్టాడు.

సైకిలు డాక్టరు వరండాలోనే ఉంది. నర్సు ఎస్తేరమ్మ తలుపులు మూస్తోంది.

"ఆ మఫ్లరోడెక్కడ? నా జమాదారు పోస్టు పోగొట్టినాడు."

ఆమె తాళంచెవి అందించింది.

నూకయ్య వంగి తాళం తీయబోయాడు. చెవి కన్నంలోకి వెళ్లలేదు. మళ్లీ పెట్టాడు. పక్కకు జారిపోయింది. వేళ్లు తనవి కానట్టున్నాయి.

"ఈ సేతుల్తోనా, కదిలే వేగన్ల మధ్య దూరి కొక్కేలు తగిలిద్దామనుకున్నావు?" అందామె.

నూకయ్య చెవి తీసి జేబులో వేసుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఆయన ఏ ఊరు మనిషి? ఎక్కడుంటాడు?"

"ఏమో, అడిగినా సెప్పలేడు. డాక్టరుగారు కలకత్తా బండికెళ్లిపోయినాక పరిగెత్తుకొచ్చి, ఈ తాళంచెవి నా సేతిలో పెట్టి మఫ్లరు విప్పినాడు. దవడ వాసిపోయి నోరు తెరుచుకోటం లేదు. నీలాగే పొద్దున్నుంచీ పస్తు. మళ్లీ డాక్టరుగారొచ్చేది పై నెల్లోనే అంటే, తలూపి ఎల్లిపోయినాడు."

ఎస్తేరమ్మ తలుపుకు గొళ్లెం పెట్టింది.

"నీ తరవాత ఆ కుర్చీలో కూర్చోవలసింది ఆయనే, బాబూ."