దండ మాటున

“ముందు ఆ దండ తియ్యి కొండలూ. రొమ్ము మీద ఏమున్నదో చూడకుంట సిపాయి సంగతి చెప్పరాదు,” అన్నాడు జయశీలన్.

కొండల్ తటపటాయించాడు. తండ్రి ఫోటో ఫ్రేముకు రెండు పక్కలా సన్నని తీగతో కట్టిన చమ్కీ దండ అది. సరిగ్గా ఆయన ఛాతీ మీదికి వచ్చేలా తల్లి లచ్చమ్మే కట్టింది. ఏటా దుమ్ము దులిపి, మళ్లీ అక్కడికే జరిపేది. నలభై ఏళ్లలో ఆమె తప్ప దాన్ని ఎవరూ ముట్టలేదు. ఇవాళ పొద్దున కూడా “ఫోటో కొంచవోతె కొంచవో, దండ మాత్రం తియ్యకు” అని మరీ మరీ చెప్పింది.

తీగ విప్పాడు.

ఎయిర్‌పోర్టు పార్కింగ్ వెనక సెక్యూరిటీ వాళ్ల షెడ్డు అది. కొండల్ అక్కడ గార్డు. జయశీలన్ సూపర్‌వైజరు, మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైనవాడు. తలల మీదుగా విమానం దిగుతుంటే ఇద్దరూ మాటలాపి, చప్పుడు తగ్గాక మళ్లీ ఫోటో మీదికి వంగారు.

ఇంకో ఐదు రోజుల్లో పంద్రాగస్టు. కొండల్ ఊరు మంఖాల్‌లో బడి ముందర రాయి నిలబెడుతున్నారు. యుద్ధాల్లో పోయిన ఊరివాళ్ల పేర్లు దాని మీద చెక్కిస్తారు. కొత్తగా గెలిచిన సర్పంచ్ రేణుకమ్మ కొండల్‌ను అడిగింది ఒక్కటే. “మీ బాపు ఏ రెజిమెంటో ఎవరన్న తెలిసినోళ్లతోని రాయించుకరా అన్నా. పేరు కింద చెక్కాలె.”

రామచంద్రయ్య డెబ్బై ఒకటి యుద్ధంలో పోయాడని ఊరందరికీ తెలుసు. అప్పటికి కొండల్‌కు మూడేళ్లు. ఇంట్లో కాగితం ముక్క లేదు. లచ్చమ్మ పట్నం పోయి ఫ్రేము కట్టించుకొచ్చిన ఈ ఫోటో ఒక్కటే ఉంది.

ఏడో తరగతిలో లెక్కల సారు సిపాయి పిల్లల హాస్టల్లో సీటు ఇప్పిస్తానన్నాడు. తండ్రి పోయినట్టు కాగితం తెమ్మన్నాడు. లచ్చమ్మ ఏ ఆఫీసు మెట్టూ ఎక్కలేదు. “సచ్చినోని పేరు జెప్పి అడుక్కుంటమా?” అంది. కొండల్ బడి మానేసి ఇటుకలు మోశాడు.

పెత్రమాసకు తండ్రి పేరున బియ్యం ఇద్దామంటే అదీ ఒప్పుకోలేదు. బొట్టు చెరుపుకోలేదు. కాలి మట్టెలు తీయలేదు. “సిపాయి పెండ్లాన్ని. నాకు ముండమోపితనం లేదు,” అని అడిగినవాళ్ల నోరు మూయించింది. ఊరు ఆ మాటకు దండం పెట్టింది. కొండల్ కూడా ఆ ఒక్క మాట కోసమే హాస్టల్ సీటు పోయిన సంగతి కడుపులో దాచుకున్నాడు.

జయశీలన్ భూతద్దం పెట్టి చూశాడు.

“టోపీ మీద తోపు బొమ్మ ఉంది. ఆర్టిలరీ, ఫిరంగులు పేల్చేటోళ్లు.”

“ఇంకేంది కొండలన్నా, తోపు కొడుకువేనన్న మాట,” అన్నాడు పక్కన టిఫిన్ డబ్బా కడుగుతున్న తోటి గార్డు జగదీశ్.

కొండల్ మీసం దువ్వుకున్నాడు. నలభై అయిదేళ్లకు మొదటిసారి అలా దువ్వుకున్నాడు.

భూతద్దం ఛాతీ మీద పతకాల గుర్తుగా వరసగా కుట్టిన రిబ్బన్ల మీదికి జరిగింది. చివరి దాని దగ్గర ఆగింది.

“మీ బాపు ఎప్పుడు పోయిండంటివి?”

“డెబ్బై ఒకటి డిసెంబర్ల సార్.”

జయశీలన్ పోల్చి చూడటానికి తెచ్చిన పాత ఫోటో ఒకటి తన సంచిలోంచి తీసి పక్కన పెట్టాడు. పడుచుతనంలో యూనిఫారంలో తనే. ఆ రిబ్బన్ అతని రొమ్ము మీదా ఉంది.

“సొతంత్రమొచ్చి ఇరవై ఐదేండ్లయిందని ఇచ్చిన్రు ఇది. డెబ్బై రెండు పంద్రాగస్టు నాడు నౌకరిల ఉన్నోళ్లకే.”

“ఎవరిదన్న అడుక్కొని పెట్టుకున్నడేమో సార్.”

“ఎవ్వరికీ ఇయ్యకముందే యాడికెల్లి అడుక్కుంటడు?”

ఇంకో విమానం దిగింది. చప్పుడు తగ్గాక జయశీలన్ భూతద్దం పక్కన పెట్టాడు.

“యుద్ధమైనంక గూడ బతికే ఉన్నడు కొండలూ,” అన్నాడు జయశీలన్ చివరికి. “పోస్టింగు పోయిన కాడ ఇంకో సంసారం పెట్టుకున్నోళ్లను నేను చాన మందిని జూసిన. ఆర్టిలరీ అని రాసిస్త. పేరు చెక్కించుడు, వద్దనుడు నీ ఇష్టం.”

కొండల్ బయటికొచ్చి రేణుకమ్మకు ఫోన్ చేశాడు.

“అక్కా, మా బాపు పేరు చెక్కియ్యకు.”

“అదేందన్నా, ఇన్నొద్దులు నా పానం తీస్తివి గద?”

“వద్దు.”

ఇంటికి పోతున్నంతసేపూ ఒకటే లెక్క. ఎన్ని పంద్రాగస్టులు ఆ ఫోటోకు సెల్యూట్ కొట్టాడు? ఎంతమందికి అమరవీరుడి కొడుకునని చెప్పుకున్నాడు? తన సంగతి సరే. ముసలిది ఆ మట్టెలు చూసుకుని బతికింది. ఈ వయసులో ఆమెకు తెలియనే కూడదు.

లచ్చమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. కొండల్ ఫోటోను మేకుకు తగిలించాడు. దండను ఛాతీ మీదికి తెచ్చి, రిబ్బన్లు ఒక్కటీ కనబడకుండా సర్ది, తీగ బిగించాడు.

“పేరు ఎక్కిస్తరా కొడకా?”

“కాయిదాలు లేవని వద్దన్నరమ్మా. గని సారు గుర్తువట్టిండు. బాపు తోపుల రెజిమెంటట. యుద్ధంలనే పోయిండట.”

లచ్చమ్మ కొడుకును చూడలేదు. దండను చూసింది. చాట పక్కన పెట్టింది.

“స్టూడియోల ఫోటో దిగేటప్పుడే మీ బాపుకు జెప్పిన, ఆ చివరి రిబ్బన్ తీసెయ్యి, పోరడు పెద్దగైనంక ఎవలకన్న చూపిస్తడని.”