మంచం పాడిన పాట

ఆ కాలానికి ఇంట్లో ప్రతి వస్తువూ పాడడం నేర్చింది. రికార్డింగుకు కూర్చుంటే, పాట దేంట్లోంచి వినిపించాలని యంత్రం అడిగేది. గోడ, ఫ్యాను, బియ్యం డబ్బా, ఏది చెబితే అది పలికేది.

చీరాలలో డోలక్ వాయించే ఏసుపాదానికి చెవులు పూర్తిగా పోయాయి. ఇక వాయించనని డోలక్‌ను అటకెక్కించాడు. భార్య కరుణమ్మకు అది మింగుడుపడలేదు. ఒక ఉదయం డోలక్ దింపి, ఆయన్ని టేకు మంచం మీద కూర్చోబెట్టింది. యంత్రంలో లోపలికి తీసుకునే ధ్వనికి డోలక్ పక్కనున్న మైకును, బయటికి పంపే ధ్వనికి మంచాన్ని ఎంచుకుంది.

వాళ్లకు కూతురు వరసయ్యే గాయని సుహాసిని, బొబ్బిలిలో తన ఇంట్లోంచే పాట అందుకుంది. మంచంపట్టెలు సన్నగా వణికాయి. ఏసుపాదం ఉలిక్కిపడి పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. పాట ఎముకల్లోకి పాకుతుంటే కళ్లు మూసుకున్నాడు. రెండో చరణానికి చేతులు వాటంతటవే డోలక్ మీదికి వెళ్లాయి. ఒక్క దెబ్బా తప్పలేదు.

"పిన్నీ, బాబాయికి నిజంగా వినపడుతోందా?" అంది సుహాసిని, పాట ఆపి.

కరుణమ్మ కళ్లు తుడుచుకుని, అదే మాట ఆయన్ని సైగతో అడిగింది.

"వినపడకేం? ఆ పిల్లకి జలుబు చేసినట్టుంది. మిరియాల పాలు తాగి మళ్లీ పాడమను."

అవతల సుహాసిని నవ్వబోయి తుమ్మింది.