డాక్టర్ కూర్చోని సీటు

కాలువ మలుపులో స్టీరింగ్ తిరగలేదు.

వీధి పిల్లలంతా కారు తాతయ్య అని పిలిచే ఆయన రెండు చేతులతోనూ దాన్ని లాగాడు. ముందు చక్రం తారు దాటి మట్టిలోకి దిగాక బ్రేకు పడింది. అద్దంలోంచి చూస్తే ఎదురుగా రోడ్డు లేదు. నీళ్లున్నాయి.

వెనక సీట్లో పిల్లలు ఇదేదో ఆటనుకుని కేరింతలు కొట్టారు. ముందు సీట్లో ఉన్న మనవరాలు మాత్రం సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

"తాతయ్యా, ఇంట్లో చెప్పొద్దా?"

"చెప్తే మీ నానమ్మ నన్నూ కారునీ కలిపి తుక్కువాడికి వేసేస్తుందే," అన్నాడు. మెల్లగా వెనక్కి తీసి కారుని రోడ్డెక్కించాడు.

వీధిలో పిల్లల్ని బడికి దింపేది ఆయనే. ఇద్దరి చేతులు మారి ఆయన దగ్గరకొచ్చిన కారు అది. ఇన్నాళ్లూ పేచీ పెట్టలేదు. ఈమధ్యే రోగం పట్టుకుంది.

మొదట స్టార్టింగ్. తాళంచెవి సగం తిరిగి ఆగిపోయేది. చెవి అరిగిందేమోనని కొత్తది చేయించాడు. అదీ సగంలోనే ఆగింది. ఆ తర్వాత స్టీరింగ్. పొద్దున బరువు, సాయంత్రానికి మరీ బరువు.

ఇంట్లో ఆయనకు వేరే ధ్యాస లేకుండా పోయింది. చొక్కా గుండీలు కూడా భార్యే పెట్టి పంపుతోంది, దర్జీని తిట్టుకుంటూ.

"కాజాలు కుట్టాడా, చీమలకు కన్నాలు పెట్టాడా?"

పిల్లల్ని బడి దగ్గర దింపి, నడక వేగంతో కారు నడుపుకుంటూ నేరుగా షెడ్డుకొచ్చాడు. అక్కడి మెకానిక్‌ని అందరూ డాక్టర్ అంటారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేస్తాడు. ఒక్కటే పట్టింపు. ఎవరి బండిలోనూ డ్రైవర్ సీట్లో కూర్చోడు. ఎప్పుడో ఒకరి కారు తీసుకెళ్లి గోడకు గుద్దాక పెట్టుకున్న ఒట్టు. బండి ఎవరిదో వాళ్లే తిప్పాలి, ఆయన వినాలి.

"మళ్లీ ఏమైంది బాబాయ్?"

చెప్పాడు. చెబుతుండగానే డాక్టర్ ఇప్పించిన టీ గ్లాసు కుడిచేతిలోంచి జారి పగిలింది.

"భయపడకండి. కూర్చుని తిప్పండి, చూద్దాం."

కాసేపు తంటాలు పడితే ఇంజన్ అందుకుంది. డాక్టర్ బానెట్ మీదికి వంగాడు.

"ఎడమకి తిప్పండి."

చక్రం కాస్త కదిలి ఆగింది.

"పూర్తిగా తిప్పండి బాబాయ్."

"ఇదే పూర్తి. బండరాయిలా ఉందయ్యా."

డాక్టర్ తల గోక్కున్నాడు. బ్యాటరీ టెర్మినల్స్ గీకి శుభ్రం చేసింది ఆయనే. బెల్టు బిగించాడు. స్టీరింగ్ ఆయిల్ మార్చాడు. కిందటి వారం ఏకంగా స్టీరింగ్ పంపునే మార్చేశాడు.

"చప్పుడు చూస్తే కొత్త బండిలా ఉంది. నా చెవులకే ఏదో అయినట్టుంది బాబాయ్."

"వేళాకోళాలొద్దయ్యా. సాయంత్రం మళ్లీ పిల్లల్ని ఎక్కించుకోవాలి. మళ్లీ అదే మలుపు."

"ఈ పూటకి మానెయ్యండి."

"వాళ్ల అమ్మానాన్నలకు ఏమని చెప్పను? మీ పిల్లల్ని కాలువలో వేయబోయానని చెప్పనా?"

ఆ మాట అన్నాక ఆయన స్టీరింగ్ మీద తల ఆనించాడు. మట్టిలోకి దిగిన చక్రం కళ్లలోంచి పోవడం లేదు. ఇంకో మూర దూరం వెళ్లి ఉంటే?

డాక్టర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఒట్టు సంగతి గట్టున పెడదాం. ఇంజన్ ఆపి ఒకసారి దిగండి."

తాతయ్య దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. డాక్టర్ ఆయన సీట్లో కూర్చున్నాడు. ఈసారైనా రోగం బయటపడాలని తాతయ్య మనసులోనే దండం పెట్టుకున్నాడు.

తాళంచెవి ఇట్టే తిరిగి బండి స్టార్టయింది, డాక్టర్ చిటికెన వేలితో స్టీరింగ్‌ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి, మెల్లగా తలెత్తి తాతయ్య కుడిచేతి వంక చూశాడు.