మా ఓటు మీకేనండి

పార్లమెంటుకు నిలబడ్డ జీడిపిక్కల కార్మికురాలు వరహాలమ్మ, కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కతే ఇల్లిల్లూ తిరిగింది. బొట్టు పెట్టి ఓటడుగుదామంటే ఒక్క నుదురూ కనబడలేదు. ఈ రోజుల్లో ఇంటికెవరొచ్చినా మనుషుల బదులు తలుపులే మాట్లాడి పంపేస్తున్నాయి.

"మా ఓటు మీకేనండి. ఎండన పడి వచ్చారు, వెళ్లి రండి," అంది ప్రతి తలుపూ.

పిక్కలు ఒలిచేటప్పుడు కారే జీడి రసానికి కాలిన చేతులు చూపిద్దామన్నా చూసేవాళ్లు లేరు. పోనీలే, మాటైతే ఇచ్చారు కదా అనుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. సొంత తలుపే ఆమెను పోల్చుకోలేకపోయింది.

"నానేనే, వరహాలమ్మని! తలుపు తీవే."

"మా ఓటు మీకేనండి, వరహాలమ్మగారూ. ఎండన పడి వచ్చారు, వెళ్లి రండి."