పది రోజులుగా కోపం రాని మనిషి

డ్యూటీకి వేసుకున్న ఇస్త్రీ చొక్కా మీద గ్లాసుడు కాఫీ ఒలికింది. ఒలకబోసింది భార్యే. బస్సు డ్రైవర్ చివాలున లేచాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ఎదురు తిట్లు సిద్ధం చేసుకుంది.

అతను కళ్ళు మూసుకుని నిండా ఊపిరి పీల్చాడు.

"కాఫీ ఒలికింది. చొక్కా తడిసింది. కోపం వస్తోంది..." కాసేపు ఆగాడు. "పోయింది."

ఇంకో చొక్కా తొడుక్కుని, నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆమె ఖాళీ గ్లాసుతో గుమ్మందాకా వెళ్ళి చూసింది. ఆ కాఫీ కావాలనే పోసింది మరి! పది రోజులుగా ఇదే వరస. కూరలో ఉప్పు మరిచిపోతే "ఉప్పు లేదు" అని మొత్తం తినేశాడు. "చాకిరీ చేసి చచ్చేది నేను, కాళ్ళు బారజాపుకునేది మీరు" అని రెచ్చగొడితే, "నువ్వు అరుస్తున్నావు. నాకు వినిపిస్తోంది" అన్నాడు. అంతే.

ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"మా అన్నయ్య అరవలేదా? జ్వరమేమో చూశావా వదినా?"

"చూశాను, లేదు. రోజూ గంట ఆలస్యంగా వస్తున్నారు. మొహం చూస్తే కడిగిన ముత్యంలా ఉంటోంది."

ఆడపడుచు గొంతు తగ్గించింది.

"వదినా, మగాడు ఇంట్లో పోట్లాడ్డం మానేశాడంటే మనసు ఇంకెక్కడో పెట్టాడనే."

"పదహారేళ్ళ కాపురమే!"

"అందుకే అంటున్నా."

ఆ సాయంత్రం ఆమె డిపో ఎదుట టైర్ల కొట్టు పక్కన నక్కింది. డ్రైవర్ బయటికొచ్చాడు. జుట్టు దువ్వుకున్నాడు. రెండు వీధులు దాటి ఓ మేడ ఎక్కి, మూడో అంతస్తులో ఒక గదిలోకి దూరి తలుపేసుకున్నాడు. వెనకే మెట్లెక్కిన ఆమె రొప్పుతూ తలుపుకి చెవి ఆనించింది.

లోపల ఆడగొంతు!

"ఏమండీ, చెవుల్లో సీసం పోసుకున్నారా? తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? మీకు చెప్పే బదులు గోడకి చెప్పుకుంటే నయం!"

ఆమెకి బుర్ర తిరిగింది. మాట మాటా తనదే. గొంతు మాత్రం తనది కాదు. ఇంట్లో పోరు చాలక, తిట్టించుకోవడానికి ఇంకొకతెని చూసుకున్నాడా? అయితే తను ఎక్కడ తక్కువ చేసినట్టు?

వరండాలో బల్ల దగ్గర నడివయసు మేనేజరు ఏదో రాసుకుంటున్నాడు. ఆమె అతని మీద విరుచుకుపడింది.

"ఎవత్తయ్యా అది? మా ఆయన్ని తిట్టడానికి దానికేం హక్కు? ఆ మనిషిని తిట్టాలంటే నేను తిట్టాలి! ఆ తలుపు తీయిస్తావా, బద్దలు కొట్టమంటావా?"

మేనేజరు కలం కింద పెట్టి ఆమెని కళ్ళార్పకుండా చూశాడు.

"అమ్మా, ఇది మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ. ఎవరికి దేనివల్ల చిరాకో, దాని మధ్యే కూర్చుని ఊపిరి గమనించడం నేర్పుతాం. మీవారికి హారన్లు మోగించాం, జనం గోల వినిపించాం. చలించలేదు. చివరికి ఆయనే కొన్ని మాటలు రాసిచ్చారు. అవి చదవడానికి ఒకామెని పెట్టాం."

"అయితే?"

"ఆవిడ గొంతులో పస లేదని మీవారు రోజూ ఫిర్యాదమ్మా. రేపట్నుంచి ఆ ఉద్యోగంలో మీరు చేరతారా?"