పోయినాయన మంచితనం

"కూర్చోమ్మా! సంతాప సభలో ఏంటా మాటలు?" యూనియన్ కార్యదర్శి మైకులోనే కసిరాడు.

ప్రెస్సు మిషన్ మీద పనిచేసే ఆమె కూర్చోలేదు. "ఫోర్‌మన్ గారు దేవుడంటున్నారు కదన్నా! చెయ్యి లోపల పడకుండా మిషన్‌కుండే అడ్డురేకు తీయించింది ఆ దేవుడే. నా రెండు వేళ్లు పోయాయి. రేపట్నుంచి అదే మిషన్ మీద మా చెల్లెలు కూర్చుంటుంది. రేకు ఇంకా పెట్టలేదు."

"లాటిన్‌లో ఒక సామెతుంది," అన్నాడు కార్యదర్శి. "పోయినవాళ్ల గురించి మంచి తప్ప మరో మాట అనకూడదు. వాళ్లు లేచొచ్చి జవాబు చెప్పుకోలేరు."

"లేచొచ్చి రేకు కూడా బిగించలేరుగా!"

ఎవరో కిసుక్కున నవ్వి, ముందు వరుసలో ఉన్న ఫోర్‌మన్ భార్యను చూసి నోరు మూసుకున్నారు.

కార్యదర్శి ఆమెకు చేతులు జోడించాడు. "ఏమనుకోకండి వదినగారూ. నోటికి హద్దులేని మనిషి."

"నాకోసమని ఆవిడ నోరు మూయించకండి," అందామె. "రేకు తీస్తే పని జోరందుకుని బోనస్ పెరుగుతుందని ఆయన మీతో అన్నారట. తీసిన రోజు మీరంతా చప్పట్లు కొట్టారని ఆయన ఇంటికొచ్చి మురిసిపోయారు. కార్యదర్శిగారూ, మీరూ కొట్టారట."

షెడ్డులో ఒక్కరూ తలెత్తలేదు. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ దాచుకోవాలో ఎవరికీ తెలియలేదు.

"ఆయన మంచితనం నాకు తెలుసు. దాన్ని నేను ఇంటికి పట్టుకుపోతాను. చెడు మాత్రం ఇక్కడే చెప్పుకోండి. మిషన్ ఇక్కడే ఉంది కదా."

కార్యదర్శి వేదిక దిగివచ్చి మైకును ఆ కార్మికురాలికి అందించాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"చెప్పమ్మా. ముందు నా చప్పట్ల సంగతి చెప్పు."