ముడుచుకోని అత్తిపత్తి

"ఇస్రాయేలన్నా, నువ్విచ్చిన అత్తిపత్తి ఖరాబైంది. ముట్టుకుంటే ముడుసుకుంటలేదు."

హాస్టల్లో వంట చేసే మారెమ్మ కుండీని నర్సరీ అరుగు మీద పెట్టి, ఆకుల మీద వేలు రాసింది. అవి విప్పుకునే ఉన్నాయి.

ఇస్రాయేలు మట్టి తడి చూశాడు. చెట్టుకు ఏ తెగులూ లేదు. గులాబి రంగు పూలు కూడా పూసింది.

"ఊకె ముట్టుకుంటున్నవా అక్కా?"

"పిల్లలు సెలవులకు పోయిన కాడికెల్లి గదే పని. హాస్టల్ల ఇంకెవలున్నరు?"

"గందుకే. నీ చెయ్యి ఏం చెయ్యదని దానికి ఎరికైంది. కొన్నొద్దులు ముట్టకుండ ఎండల వెట్టు, మళ్ల ముడుసుకుంటది."

మారెమ్మ కుండీని చంకకెత్తుకుంది.

"వద్దు తియ్యన్నా. దానికి మళ్ల నేను కొత్తదాన్ని ఎందుకు గావాలె?"